ఎవరమ్మాయివంటే

ఫిబ్రవరి ముసురు. రాష్ట్ర రాజధానిలో ఒక ప్రైవేటు స్కూలు. బడి వదిలారు. గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒకదాని తలుపు తెరిచిన అమ్మాయి అలాగే నిలబడిపోయింది.

"ఎక్కు, ఎక్కు. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు."

"నాన్నా?"

"ఎక్కమన్నానా! తలుపేసెయ్, తడిసిపోతావు."

"ఇది పిన్ని కారు. పిన్నేది?"

"క్లినిక్‌లో ఎవడికో పన్ను పీకుతున్నారట, మీ పిన్ని లేకపోతే ఆ డాక్టరుకి చెయ్యాడదుగా. నీ నల్ల బూట్లు ఇచ్చి పంపింది. వెనక సీట్లో ఉన్నాయి చూడు. పక్కనే శాండ్‌విచ్."

"అది కాదు. నువ్వొచ్చావేంటి? నువ్వు రావుగా."

"రాకూడదా?"

"రాకూడదని నువ్వే చెప్పావు."

"డెలానీ, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు తల్లీ."

"ఆ టోపీ ఏంటి? ఆ నల్ల కళ్ళద్దాలేంటి? బయట చినుకులు పడుతుంటే! బ్యాంకు దోచుకోవడానికి బయల్దేరినట్టున్నావు."

"వెటకారం అచ్చం మీ అమ్మదే."

"నీ కారేది మరి?"

"అసెంబ్లీలోనే వదిలేశా. దాని నంబరు ప్లేటు మీద 'కాల్డర్ కౌంటీ ప్రతినిధి' అని అంత పొడుగున రాసుంటుందిగా. దాంట్లో వస్తే దండోరా వేసుకుంటూ వచ్చినట్టే."

"నేనిప్పుడు ఇంటికి రావట్లేదు, తెలుసా? ఆరింటికి పాటల కార్యక్రమం. బూట్లు వేసుకుని మళ్ళీ లోపలికి పోవాలి."

"తెలుసు, తెలుసు. పక్కకి తీసి ఆపుతా. తినేసి పో."

"అమ్మో! టీచరొస్తోంది. కళ్ళద్దాలు తియ్యకు. అద్దం కొంచెమే దించు."

"సార్, ఇది డెలానీ వాళ్ళ కారు కదా? పిల్లని తీసుకెళ్ళే కార్డు మీద నాడీన్ గారి పేరే ఉంది. ఆవిడ లేరేం?"

"మిసెస్ హోల్కమ్, ఈయన మా మామయ్య. ఊర్నించి వచ్చాడు."

"ఓ! నమస్కారమండీ. తెలియనివాళ్ళు కనిపిస్తే అడగాలి, మా రూలు అది, ఏమనుకోకండి. సాయంత్రం ఉంటారుగా? మీ మేనకోడలు ఒక చరణం ఒక్కతే పాడుతోంది. నాడీన్ గారికి ముందు వరసలో కుర్చీ ఉంచాను. మీక్కూడా వేయిస్తా."

"చూస్తానండీ. పనుంది... చూస్తాను."

"వచ్చేయండి మామయ్యగారూ. ఇలాంటివాటికి మగవాళ్ళెప్పుడూ చూస్తామనే అంటారు. ఆ చెట్టు కింద ఆపుకోండి, అక్కడ దారికి అడ్డం ఉండదు."

"అలాగేనండీ."

"వెళ్ళిపోయింది. అద్దం ఎత్తెయ్."

"మామయ్యనా?"

"మరేం చెప్పను?"

"ఎంత టక్కున అనేశావే! నాకు చెమటలు పట్టాయి, నీకు కనురెప్ప కూడా వాలలేదు."

"అలవాటైపోయింది."

"నా కోసం ఎంత జాగ్రత్త పడుతున్నావే తల్లీ. నువ్వు పడాల్సిన జాగ్రత్తలా ఇవి."

"శాండ్‌విచ్‌లో దోస ఊరగాయ ముక్కలు వేసిందా పిన్ని? వద్దని చెప్పానే."

"ఇటివ్వు, నేను తింటా అవి."

"నాన్నా, నిజం చెప్పు. కార్యక్రమానికేగా వచ్చావు?"

"ఊఁ."

"ఊఁ అంటే అవునా, ఊరికే ఊఁనా?"

"అవును. అవునే."

"నేను పాడతానని పిన్ని చెప్పిందా? చెప్పొద్దన్నా. నేనే చెబుదామనుకున్నా, ఆదివారం ఫోన్లో. నువ్వు హడావిడిగా ఉన్నావు, పెట్టేశావు. నాన్నా, నువ్వు వెనక వరసలో కూర్చో. టోపీ తీయకు. మామయ్యగానే ఉండు. ఎవరూ గుర్తుపట్టరు. నేను పాడేటప్పుడు వెనక్కి చూస్తా, అంతే. నువ్వు చెయ్యూపక్కర్లేదు."

"ముందు బూట్లు వేసుకో."

"నీ ఫోన్."

"మోగనీ."

"వెర్లన్ బాబాయ్."

"మోగనీ అన్నానా."

"మళ్ళీ చేస్తున్నాడు. ఎప్పుడూ ఇన్నిసార్లు చెయ్యడు కదా, ఒంట్లో బాలేదేమో. ఇటివ్వు నాన్నా."

"డెలానీ, ఎత్తకు!"

"ఒరేయ్ గార్లండ్! ఎక్కడ చచ్చావురా?"

"బాబాయ్, నేను డెలానీని."

"అమ్మడూ! నువ్వా... ఓహో. అర్థమైంది. ఊరంతా జల్లెడ పట్టి వెతుకుతున్నాం. క్షవరం షాపు, చేపల హోటలు, ఆఖరికి చర్చికి కూడా పంపించారు మనుషుల్ని. వాడు నీ దగ్గరున్నాడా?"

"వెర్లన్, పిల్ల వింటోంది. నోరు అదుపులో పెట్టుకో."

"విననీ. స్పీకరు తలుపులు వేయించేశాడు. లోపలున్నవాళ్ళు బయటికి పోకూడదు, బయటున్నవాళ్ళని పట్టుకురావాలి. ఇంకో గంటలో ఆ ప్రైవేటు స్కూళ్ళ ఫీజులు ప్రభుత్వం కట్టే బిల్లు ఓటుకొచ్చేస్తుందిరా. నువ్వొచ్చి ఎర్ర బటన్ నొక్కితే చెరి సమానం, బిల్లు పడిపోతుంది. రాకపోతే ఒక్క ఓటుతో గట్టెక్కుతుంది."

"నువ్వే నొక్కెయ్ నాది. ఎప్పుడూ నొక్కుతావుగా."

"ఎప్పుడూ వేరు. నువ్వు కాఫీకి పోతే నీది నేను, నేను కునుకు తీస్తే నాది నువ్వు. పక్క కుర్చీ అన్నాక ఆమాత్రం ఉంటుంది, రూలుకి ఒప్పకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఇవాళ ఆ బిల్లు పెట్టిన సాటర్‌ఫీల్డ్ మన బెంచీ వెనకాలే వచ్చి నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. నీ బటన్ మీద ఈగ వాలినా గోల చేస్తాడు."

"ఏమంటాడు వాడు?"

"నీకు తెలియదా ఏమంటాడో? నువ్వు లేవగానే ఒకటే ప్రశ్నట. 'కాల్డర్ ప్రతినిధి గారు ఒక్కదానికి జవాబు చెప్తారా, వారి అమ్మాయి ఏ స్కూల్లో చదువుతోంది?' అంతే. పత్రికవాళ్ళు అందర్నీ అడిగారు కదా, మీ పిల్లలెక్కడ చదువుతున్నారని. జవాబివ్వని కొద్దిమందిలో నువ్వొకడివి. వాడికి ఎవరో చెవిలో ఊదారు."

"నేనింకో పది నిమిషాల్లో చేస్తా వెర్లన్."

"పది నిమిషాలు పది నిమిషాలని చెప్పే పొద్దున్నించి... ఒరేయ్, గోడ మీద పిల్లిలా ఎంతసేపురా? దూకితే ఇటు దూకు, లేకపోతే అటు దూకు. అమ్మడూ, నువ్వన్నా చెప్పు వాడికి."

"సరే బాబాయ్."

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు."

"తిను. రొట్టె మెత్తబడిపోతుంది."

"నాకు ఆకలి లేదు."

"డెలానీ."

"కార్యక్రమానికి రాలేదు నువ్వు."

"వచ్చాను. ఎలాగూ బయటికొచ్చాను కదా, మీ పిన్నికి ఫోన్ చేస్తే బూట్ల సంగతి చెప్పింది, అప్పుడు..."

"అప్పుడు గుర్తొచ్చానా? ఊరంతా వెతుకుతారు, క్షవరం షాపులో వెతుకుతారు, ఇక్కడ మాత్రం వెతకరు. నేనిక్కడ ఉన్నానని ఎవరికీ తెలియదుగా. దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు నీకు."

"అలా అనకే."

"అబద్ధమా?"

"...కాదు."

"పోనీ, అది ఒప్పుకున్నావు."

"నువ్వనుకున్నట్టు నేను నిన్ను మర్చిపోయి తిరగట్లేదే. అసెంబ్లీ నడిచినన్నాళ్ళూ మంగళవారాలు మధ్యాహ్నం నాకు పనుండదు. ఆ రోడ్డవతల డోనట్ల కొట్టు ఉంది చూడు..."

"కిటికీ పక్క బల్ల. తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వక్కడ కూర్చుంటావని. కాఫీ ముందు పెట్టుకుని, పేపరు అడ్డం పెట్టుకుని. నేను బయటికొచ్చేటప్పుడు పేపరు కొంచెం దించుతావు."

"చూశావా? చూసి చెయ్యూపలేదేమే?"

"ఊపొద్దన్నావుగా. ఎవరైనా అడిగితే మా నాన్న ఎవరో చెప్పొద్దు, నేను ఎదురుపడ్డా పలకరించొద్దు అన్నావు. ఇక్కడే, ఇదే కార్లో చెప్పావు. చేర్పించిన రోజు."

"అన్నాను. అప్పుడలా అనాల్సొచ్చింది."

"నువ్వు పేపరు దించుతావని బూట్ల తాడు ఊడిపోయినట్టు ఒంగి కట్టుకునేదాన్ని. కాసేపు ఎక్కువ చూస్తావని."

"ఇంక చాలు. ఆపవే."

"ఏడుస్తున్నావా నాన్నా?"

"లేదు. ఈ ఊరగాయ ఘాటు."

"ఊరగాయ తియ్యగా ఉంటుంది. పిన్ని తెచ్చేది తీపి రకం."

"నోరు మూసుకుని తిను."

"ఇంట్లో ఏం తింటున్నావు నువ్వు?"

"ఏదో ఒకటి. పెట్రోలు బంకు దగ్గర మెత్తటి బిస్కెట్ రొట్టెలూ, వాటి మీద గ్రేవీ. శుక్రవారం ఊరికెళ్తే ఎవరో ఒకరు గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. ఇంట్లోకి అడుగుపెట్టగానే టీవీ పెట్టేస్తా. ఏం వస్తోందో కూడా చూడను, మాటలు వినిపిస్తే చాలు."

"నేను కూడా. పిన్ని రాత్రి క్లాసులకి వెళ్ళినప్పుడు బట్టలుతికే మిషన్ వేసుకుంటా. ఖాళీగానే."

"ఖాళీ మిషనా? మీ పిన్నికి కరెంటు బిల్లు ఎందుకు అంతొస్తోందో ఇప్పుడు తెలిసింది."

"చెప్పకు."

"చెప్పను లే."

"నాన్నా, ఓటెయ్యి. వెళ్ళి నొక్కేసిరా. ఎప్పుడూ వద్దనేగా నొక్కుతావు?"

"వద్దనే నొక్కుతా. అందులో నాకు అనుమానమేం లేదు. మన కౌంటీ మొత్తానికి ఉన్నది ఒక్క స్కూలు. ప్రైవేటు స్కూలు మన కౌంటీలో ఎక్కడుంది? ఈ బిల్లు వస్తే పిల్లకింతని డబ్బు తీసి పట్నాల్లో స్కూళ్ళకి పోస్తారు. మన దగ్గర ముందు పాటల టీచరు పోతుంది, తర్వాత బస్సు పోతుంది, తర్వాత వంటావిడ ఇర్లీన్ పోతుంది. ఇర్లీన్ పెట్టేది తప్ప రోజంతా ఇంకోటి తినని పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. నీతోనే కూర్చుని తిన్నారు. ఆ స్కూలు పోతే ఊరే పోతుంది. మీ అమ్మ పాఠం చెప్పిన స్కూలే అది."

"తెలుసు."

"మరి?"

"మరి నన్నెందుకు తీసుకొచ్చేశావు?"

"నీకు తెలియదా ఎందుకో?"

"నువ్వు చెప్పు. సాటర్‌ఫీల్డ్ అడిగితే చెప్పాలిగా. నాకు చెప్పి చూడు."

"మీ అమ్మ పోయాక ఆమె పాఠం చెప్పిన గది తలుపు మీద పేరు అలాగే ఉంచారు. ప్రేమతోనే ఉంచారు, ఎవర్నీ తప్పు పట్టను. కానీ భోజనాల గదికి ఆ తలుపు ముందు నుంచే పోవాలి. నువ్వు పోలేకపోయావు. తినడం మానేశావు. ఎన్నాళ్ళు మానేశావో నాకు తెలియనే తెలియదు, ఓ రోజు ఇర్లీన్ ఇంటికొచ్చి 'పిల్ల ఎండిపోతోంది గార్లండ్, నీకు కళ్ళు కనపడట్లేదా' అని గడ్డి పెట్టేదాకా. ఆ మర్నాడే నిన్ను మీ పిన్ని దగ్గరికి తీసుకొచ్చేశా. ఆలోచించలేదు. ఓట్లూ గీట్లూ ఏవీ ఆలోచించలేదు. ఇల్లు తగలబడుతుంటే పిల్లని ఎత్తుకుని బయటికొచ్చేస్తాం కదా, అలాగ."

"తలుపొక్కటే కాదు. అందరూ నాతో మెల్లిగా మాట్లాడేవాళ్ళు. నేనొస్తే నవ్వడం ఆపేసేవాళ్ళు. అక్కడ నేనెక్కడికెళ్తే అక్కడ అమ్మ పోయింది. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. మొదటిరోజే ఒకమ్మాయి నన్ను తిట్టింది, కుర్చీ లాక్కున్నానని. ఎంత బావుందో!"

"అందుకే కదే తెచ్చాను."

"నాలాంటిది అక్కడ ఇంకొకతె ఉంటే? దానికి పట్నంలో పిన్ని లేకపోతే? ఉందా నాన్నా, అలాంటిది?"

"ఉంది. కొండ వెనక ఉండే ఒకావిడ ఈమధ్య నా ఆఫీసుకొచ్చింది. వాళ్ళ పిల్లకి మాట తడబడుతుంది, తోటివాళ్ళు ఏడిపిస్తున్నారు, బడికి పోనని మంచం కోడు పట్టుకుని ఏడుస్తుందట. ఆ బిల్లు వస్తే పక్క కౌంటీలో చిన్న చర్చి స్కూలుంది, అందులో వేస్తానంది."

"నువ్వేమన్నావు?"

"మన స్కూలు మనమే నిలబెట్టుకోవాలమ్మా అన్నాను."

"ఆవిడేమంది?"

"గోడ మీద ఎన్నికలప్పటి ఫోటో ఉందిగా, నువ్వు కాల్డర్ స్కూలు నీలం జాకెట్ వేసుకుని నా పక్కన నిలబడ్డది. దాన్ని చూసింది. 'మీ అమ్మాయి కూడా అక్కడే పెరిగిందిగా, మీకు తెలియనిదేముంది లెండి' అని సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను తిట్టినా బావుండేది."

"అది ఇంకా తీయలేదా గోడ మీంచి?"

"తీస్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. ఏమైందని అడుగుతారు."

"ఊళ్ళో ఏం చెప్పావు నా గురించి?"

"పిన్నికి తోడుగా ఉందని. పట్నంలో గవర్నమెంటు స్కూల్లో చేరిందని."

"పోనీ ఈసారి అవునని నొక్కు. ఆవిడ పిల్ల కోసం."

"నొక్కితే మీ అమ్మ స్కూలు మూతపడుతుంది."

"అయితే వద్దని నొక్కు."

"నొక్కితే ఆవిడ మొహం ఎలా చూడను?"

"నాన్నా! ఏదో ఒకటి నొక్కక తప్పదుగా!"

"అందుకే ఏదీ నొక్కకుండా వచ్చి ఇక్కడ కూర్చున్నా. నాకే సిగ్గుగా ఉంది. మీ అమ్మ ఉంటే ఈ పాటికి చెవి పట్టుకుని ఈడ్చుకెళ్ళేది."

"చెవి కాదు. అమ్మ కాలరు పట్టుకునేది."

"అవును. కాలరే."

"సాటర్‌ఫీల్డ్ అడిగితే, మా అమ్మాయి సంగతి మీకెందుకని అనెయ్."

"చేర్పించినప్పట్నించీ అదే అంటున్నా. ఇంక నోరు తిరగట్లేదే."

"ఇంకొక్కసారి అను. ఏమవుతుంది? పేరు చెప్పకు, అంతే. స్కూలు పేరు చెప్పకు. నా పేరు కూడా."

"నువ్వెందుకింత కంగారు పడుతున్నావు?"

"నేనేం కంగారు పడట్లేదు."

"పడుతున్నావు. చేతులు చూడు, రొట్టె నలిపేస్తున్నావు. తప్పు చేసింది నేనైతే దాన్ని మోస్తున్నది నువ్వు. పదిమందిలో నన్ను మామయ్యా అనాల్సొచ్చిందే నీకు! నా ఓట్ల కోసం, నా కుర్చీ కోసం..."

"దాని కోసం కాదు నాన్నా."

"మళ్ళీ వెర్లన్. ఉండు. చెప్పరా."

"గార్లండ్, చివరిమాట. ఆఖరి మనిషి మాట్లాడుతున్నాడు. పత్రికలవాళ్ళు పైన గ్యాలరీలో కిక్కిరిసిపోయారు. వస్తున్నావా లేదా?"

"వస్తున్నా."

"ఏమన్నావు?"

"వస్తున్నానన్నా. ఇక్కణ్ణించి పావుగంట. నువ్వు లేచి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నీకది కొత్తా?"

"సాటర్‌ఫీల్డ్?"

"అడగనీ. చెప్తా. మా అమ్మాయి ఫలానా స్కూల్లో చదువుతోంది, నేనే చేర్పించాను, చేర్పించి ఊళ్ళో అబద్ధమాడాను అని చెప్తా. పేరుతో సహా. తర్వాత ఎర్ర బటనే నొక్కుతా. ఊళ్ళో ఆఫీసు గోడ మీద ఫోటో తీసేసి ఆవిడ ఇంటికెళ్ళి, ఇదీ సంగతి, నన్నేమన్నా అను అని చెప్తా. ఈసారి నాకు ఓటెయ్యకపోతే మానేస్తారు."

"ఒరేయ్... నిజంగానేనా?"

"నిజంగానే. ఫోన్ పెట్టెయ్."

"అమ్మడూ, విన్నావా? మీ నాన్నకి ఇవాళ వెన్నెముక మొలిచింది. ఈయన్ని నాకు అప్పగించు, నేను చూసుకుంటా."

"పెట్టెయ్ రా! హమ్మయ్య. చూశావా డెలానీ? ఎంత తేలిగ్గా ఉందో. గుండెల మీంచి బండ దింపినట్టుంది. ఇన్నాళ్ళూ ఎందుకు మోశానో దీన్ని."

"నాన్నా, చెప్పకు."

"ఇంకా భయమేనా? ఇదిగో, టోపీ తీసేశా. ఈ కళ్ళద్దాలు కూడా. పద, ముందు నీతో లోపలికొస్తా. మీ మిసెస్ హోల్కమ్‌కి చెప్తా, మామయ్యని కాదండీ, వీళ్ళ నాన్నని, క్షమించండి అని. అక్కణ్ణించి అసెంబ్లీకి పోయి, పని చూసుకుని, ఆరింటికల్లా వచ్చేస్తా. వెనక వరస కాదు, ముందు వరస. చెయ్యూపుతా కూడా. సిగ్గుపడినా సరే ఊపుతా."

"నువ్వు కారు దిగకు."

"ఎందుకూ? వానా? తడిస్తే తడుస్తా."

"నాన్నా, దిగకు! తలుపు వెయ్యి. నన్ను చెప్పనీ."

"చెప్పు."

"నీ ఓటు గురించి కాదు నేను భయపడేది. నీ కుర్చీ పోయినా నాకేం కాదు."

"మరి?"

"ఎవరమ్మాయివంటే చెప్పొద్దన్నావుగా. మొదటివారం పిన్ని దింపేది, పిన్నే తీసుకెళ్ళేది. కార్డు మీద పిన్ని పేరే. ఒకమ్మాయి మీ అమ్మ జుట్టు భలే ఉంది అంది. నేను కాదనలేదు. థాంక్స్ అన్నాను."

"దానికేముందే. పిన్ని కూడా అమ్మలాంటిదేగా."

"తర్వాత అందరూ మీ అమ్మ, మీ అమ్మ అనడం మొదలుపెట్టారు. మీ అమ్మ శాండ్‌విచ్ పెట్టిందా, మీ అమ్మ తిడుతుందా అని. నేనూ అన్నాను. మా అమ్మ తిడుతుంది, మా అమ్మకి ఊరగాయంటే ఇష్టం అని. ఎంత కాలమైంది నాన్నా, ఆ మాట అలా అని. ఎవరూ మెల్లిగా మాట్లాడలేదు. ఎవరూ నవ్వడం ఆపలేదు."

"నా తల్లీ..."

"హోల్కమ్ టీచరు కూడా అలాగే అనుకుంటుంది. ప్రిన్సిపాలుకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన చెప్పనన్నాడు. నువ్వు ఇవాళ అక్కడ లేచి చెప్తే రేపు పేపర్లో వస్తుంది. నేనెవర్నో, అమ్మ ఎవరో, ఎప్పుడేమైందో, అన్నీ."

"రానీ. ఒకట్రెండు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత..."

"మరి మీ నాన్న ఏడీ అని అడిగారు నాన్నా. ఒక్కసారి కూడా రాడేంటని. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏం చెప్పావు?"

"కోప్పడవుగా?"

"పడను. చెప్పు."

"ఇక్కడ అమ్మ బతికే ఉంది నాన్నా. పోయింది నువ్వు."